లోపల కూర్చోవాలా, బయట ఉండి కదిలించాలా? లోకల్ కౌన్సిల్‌ని జనం చేతిలోకి తెచ్చుకునే దారులు

ఊళ్లో ఏదో ఒకటి జరుగుతుంది. పార్కు స్థలం ఎవరికో రాసిచ్చేస్తారు, లేదా ఎవరూ అడగని చోట పెద్ద బిల్డింగుకి అనుమతి వచ్చేస్తుంది. కౌన్సిల్ మీటింగుకి వెళ్లి అడుగుదామంటే జనం మాట్లాడటానికి ఇచ్చేది రెండు మూడు నిమిషాలు, అదీ ఎజెండా చివర్లో, అప్పటికి తీర్మానం పాసైపోయి సంతకాలు కూడా అయిపోయి ఉంటాయి. ఆ రాత్రి పదిమంది ఎవరింట్లోనో కూర్చుని తిట్టుకుంటుంటే ఒకరు అంటారు, "వీళ్లని బతిమాలడం దేనికి, వచ్చేసారి మనమే నిలబడదాం" అని.

ఆ మాట వినడానికి బాగుంటుంది. ఇలాంటి మీటింగుల్లో నేనూ కూర్చున్నాను, ఒకసారి ఆ మాట అన్నది నేనే. తర్వాత తెలిసొచ్చింది ఏంటంటే, నిలబడటం ఉన్న నాలుగైదు దారుల్లో ఒకటి, చాలా గుంపులకి అది మొదట పట్టాల్సిన దారి కూడా కాదు. సీటు గెలవడం కష్టమే, కానీ గెలిచాక ఆ బల్ల చుట్టూ జరిగే వ్యవహారాన్ని మార్చడం ఇంకా కష్టం. అందుకే ఈ పోలికలో నేను ప్రతి దారినీ ఒకే తక్కెడలో పెట్టి చూస్తున్నాను: మీలో ఎంతమంది, ఎన్నేళ్లపాటు, వారానికి ఎన్ని సాయంత్రాలు ఇవ్వగలరు? కోపం ఎంతుందన్నది ఎవరూ అడగక్కర్లేదు, అది అందరికీ ఉంటుంది, ఆరు నెలల్లో చల్లారుతుంది కూడా.

అన్నిటికంటే ముందు: ఆ కౌన్సిల్ చేతిలో ఏముంది?

ఇది బోరు కొట్టే పని, అందుకే ఎవరూ చెయ్యరు. మీ సమస్య మీద సంతకం పెట్టే అధికారం అసలు ఆ కౌన్సిల్‌దేనా? ఇంగ్లండ్‌లో టౌన్ కౌన్సిళ్లు అన్నిటికంటే కింది మెట్టు. పార్కులు, పబ్లిక్ టాయిలెట్లు, మీటింగు హాళ్లు లాంటివి చూసుకుంటాయి, బడులూ పెద్ద రోడ్లూ పైనున్న కౌన్సిల్ చేతిలో ఉంటాయి. ఫ్రాన్స్‌లో వెయ్యిమంది ఉన్న కమ్యూన్‌కి (అక్కడ ఊరి పాలనా విభాగం పేరు అది) కూడా సొంత మేయరుంటారు, కానీ చాలా పనులు పక్క కమ్యూన్లతో కలిపి కట్టిన ఉమ్మడి మండలికి వెళ్లిపోయాయి. ఇండియాలో 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చింది గానీ, ఏ అధికారాలు, ఎంత డబ్బు కిందికి దించాలన్నది రాష్ట్రాలకే వదిలేసింది. అందుకే ఒక రాష్ట్రంలో పంచాయతీ చేయగలిగిన పని ఇంకో రాష్ట్రంలో చేయలేదు.

మూడు కాగితాలు తెచ్చుకోండి: గత మూడేళ్ల బడ్జెట్, కౌన్సిల్‌కి ఏ అధికారాలున్నాయో చెప్పే చట్టం పేజీలు, ఒక ఏడాది మీటింగుల మినిట్స్ (ఏం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసి పెట్టే రికార్డు). బడ్జెట్‌లో జీతాలు, కరెంటు బిల్లులు, పాత అప్పులు తీసేశాక మిగిలేది ఎంతో లెక్కేస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, లేదా రెట్టింపవుతుంది. నూటికి ఐదు మిగిలితే మీ పోరాటమంతా ఆ ఐదు కోసమేనని తెలిసి దిగాలి. మినిట్స్‌లో ఇంకో సంగతి బయటపడుతుంది: ఏడాదంతా ప్రతి తీర్మానమూ చర్చ లేకుండా ఏకగ్రీవంగా పోయిందంటే, అసలు నిర్ణయాలు ఆ గదిలో జరగట్లేదనే చెప్పుకోవాలి. మీరు ఆ గదిలో సీటు సంపాదించినా, నిర్ణయాలు నిజంగా జరిగే ఆ రెండో గది తలుపు తెరిపించే పని అలాగే మిగిలుంటుంది.

పార్టీ లేకుండా గుంపుగా పోటీ చేయడం

ఈ దారికి అందరూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్‌లోని ఫ్రూమ్ (ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చాలామంది ఫ్రోమ్ అంటారు). పాతికవేలకి కాస్త పైన జనాభా. 2011లో ఇండిపెండెంట్స్ ఫర్ ఫ్రూమ్ అనే గుంపు పోటీ చేసి 17 సీట్లలో 10 గెలిచింది, 2015లో 17కి 17.

గెలుపు కంటే నాకు ఆసక్తిగా అనిపించేది వాళ్లు మామూలు మేనిఫెస్టో జోలికి పోకపోవడం. విప్ లేదు, ఒక విషయం మీద అందరూ ఒకేలా ఓటెయ్యాలన్న షరతు లేదు. దాని బదులు పని చేసే పద్ధతి గురించి నాలుగు మాటలు రాసుకుని అందరూ ఒప్పుకున్నారు: ఒక వాదనకి మన పరువు ముడిపెట్టుకోకూడదు, ఎదుటివాళ్ల మాట విని మనసు మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి, విమర్శ విషయం మీదే ఉండాలి గానీ మనిషి మీదికి పోకూడదు, మనకి తెలియని పని తెలిసినవాళ్లని నమ్మాలి. చదివితే బడి గోడ మీద సూక్తుల్లా ఉంటాయి గానీ, ఏ విషయం మీదా ఒకే అభిప్రాయం లేని పదిహేడు మందిని నాలుగేళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలంటే ఇలాంటిదేదో కావాలి. పార్టీలో అయితే ఆ పని విప్ చేస్తుంది. పార్టీ వద్దనుకున్నవాళ్లు విప్‌కి బదులు ఏం పెడుతున్నారో ముందే చెప్పగలగాలి. "మేమంతా మంచివాళ్లం, సర్దుకుపోతాం" అనేది జవాబు కాదు.

ఈ దారి చిన్న కౌన్సిళ్లలో పని చేస్తుంది, ఓటింగు తక్కువ జరిగే చోట, సీటుకి కొన్ని వందల ఓట్లు చాలే చోట, వార్డులో ప్రతి ఇంటి తలుపూ తట్టగలిగే చోట. లెక్క చేత్తో వేసుకోవచ్చు. ముగ్గురు మనుషులు ఒక సాయంత్రానికి తలా ముప్పై ఇళ్లు తిరగగలిగితే, వారానికి రెండు సాయంత్రాల చొప్పున పది వారాల్లో 1,800 ఇళ్లు అవుతాయి. మీ వార్డులో ఇళ్లు అంతకంటే బాగా ఎక్కువుండి, తిరిగేది ఆ ముగ్గురే అయితే, ఈ ఎన్నికకి ఈ దారి మానేయండి.

ఒక్కరే ఇండిపెండెంట్‌గా గెలవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదట అనుకునేది అదే. చాలా కౌన్సిళ్లలో ఒక ప్రతిపాదన చర్చకి రావాలంటే దాన్ని బలపరిచే రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి లేని ఇండిపెండెంట్ నాలుగేళ్లు మంచి ప్రసంగాలు చేస్తారు, ఫోన్లు ఎత్తుతారు, మురుగు కాలువల దగ్గర ఫొటోలు దిగుతారు, అలిసిపోతారు. ఇద్దరు గెలిస్తే ప్రశ్న రికార్డులోకి ఎక్కుతుంది. సభ నడిచే తీరు మారాలంటే మాత్రం సగానికి ఒకటి ఎక్కువ కావాలి, లేదా మీ ఓట్లు లేకుండా ఎవరికీ మెజారిటీ రాని పరిస్థితి కావాలి.

ఫ్రూమ్ కథ చెప్పేవాళ్లు సయాన్ కథ కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో డ్రోమ్ ప్రాంతంలో పన్నెండు వందల పైచిలుకు మంది ఉన్న ఊరు. ఊరి బయట సూపర్‌మార్కెట్ కట్టే ప్రతిపాదన మీద జనం తిరగబడ్డారు, ఆ పోరాటంలోంచి 2014 మున్సిపల్ ఎన్నికలకి ఒక పౌరుల జాబితా పుట్టింది, మొదటి రౌండులోనే గెలిచింది. గెలిచాక అంతా మేయరు చేతిలో ఉండే పద్ధతి తీసేశారు. కౌన్సిలర్లు జంటలుగా బాధ్యతలు పంచుకున్నారు, విషయానికొక జన కమిటీ, పనికొక చిన్న బృందం, ఇదంతా మాట ప్రకారం నడుస్తోందా అని చూసే బృందం ఇంకొకటి. అంత చిన్న ఊళ్లో అన్ని మీటింగులు ఎలా నడిపారా అనిపిస్తుంది. ఎవరి స్థలం ఇళ్ల కిందికి వస్తుంది, ఎవరిది పొలంగానే ఉండిపోతుంది అని తేల్చే ప్లాను దగ్గరికి వచ్చేసరికి వాతావరణం వేడెక్కింది, 2020లో వాళ్లు ఓడిపోయారు.

దీన్ని చూపించి "చూశారా, పని చెయ్యదు" అనేవాళ్లున్నారు. నేనలా అనను, ఎన్నికల్లో ఓడటం ఏ పార్టీకైనా జరిగేదే. కానీ సయాన్ నేర్పేది ఒకటుంది. జన కమిటీలకి వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు ఇంట్లోనే ఉంటారు, ఓటు మాత్రం ఇద్దరికీ ఉంటుంది. మీటింగుకి వచ్చిన అరవై మందిని చూసి ఊరంతా మనతోనే ఉందనుకోవడం ఈ దారిలో అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు.

ఇండిపెండెంట్ అనే మాటని కూడా గుడ్డిగా నమ్మొద్దు. కేరళలో కిళక్కంబలం పంచాయతీని 2015లో ట్వంటీ20 అనే సంస్థ 19 వార్డుల్లో 17 గెలిచి చేజిక్కించుకుంది, 2020లో ఇంకో మూడు పంచాయతీలకి విస్తరించింది. అక్కడి పెద్ద పార్టీలన్నిటినీ పక్కకి నెట్టింది నిజమే, కానీ దాని వెనకున్నది అదే ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్న బట్టల కంపెనీ. ఊరికి మంచి జరిగిందా లేదా అన్న వాదన వేరు. పార్టీ లేకపోవడం, జనమే నిర్ణయించడం, ఈ రెండూ ఒకటి కాదని గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మీ గుంపు ఖర్చు ఎవరు పెడుతున్నారో మొదటి రోజు నుంచీ గోడ మీద అంటించండి.

పెద్ద నగరమైతే: ఉద్యమాలు కలిసి కట్టే వేదిక

లక్షల మంది ఉన్న చోట తలుపులు తట్టి గెలవడం కుదరదు. స్పెయిన్‌లో 2015 మున్సిపల్ ఎన్నికల్లో వేరే పద్ధతి పట్టారు. బార్సిలోనాలో ఇళ్ల జప్తుల మీద పోరాడిన అదా కొలావు ముందుండి, ఉద్యమాలు, చిన్న పార్టీలు, పేట సంఘాలు కలిసిన బార్సిలోనా ఎన్ కొము 41 సీట్లలో 11 తెచ్చుకుంది, ఆమె మేయరయ్యారు. మాడ్రిడ్‌లో అహోరా మాడ్రిడ్ 57లో 20 తెచ్చుకుంది, రిటైరైన జడ్జి మాన్యుయెలా కార్మెనా మేయరయ్యారు.

అంకెలు మళ్లీ చూడండి. 41లో 11, 57లో 20. రెండు చోట్లా సొంత మెజారిటీ లేదు, ప్రతి బడ్జెట్‌కీ వేరే పార్టీల దగ్గరికి వెళ్లాల్సిందే. వేదికలో చేరినవాళ్లలో కొందరికి అదే మింగుడు పడలేదు: బేరాలు ఆడే రాజకీయం వద్దని బయల్దేరినవాళ్లం, రోజూ బేరాలే ఆడుతున్నామేంటని. ఈ దారి పడితే అది తప్పదు. బేరం ఆడొచ్చు, ఏ విషయంలో ఆడకూడదో మాత్రం ముందే రాసుకోవాలి. కొలావు గుంపు జీతాలకి పరిమితి పెట్టే నీతి నియమావళి రాసుకుంది, అది మంచి మొదలు.

రెండు నగరాలూ జనం ప్రతిపాదనలు పెట్టడానికి ఆన్‌లైన్ వేదికలు కూడా కట్టాయి. బార్సిలోనా తన వేదికకి వాడిన డెసిదీమ్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, వేరే దేశాల్లోనూ వాడుతున్నారు. మాడ్రిడ్ అనుభవం మాత్రం చెవిలో పెట్టుకోవాల్సింది. ఒక ప్రతిపాదన నగరమంతా ఓటింగుకి వెళ్లాలంటే ఓటర్లలో ఒక శాతం మద్దతు, అంటే దాదాపు 27,000 మంది కావాల్సి వచ్చేది. ప్రతిపాదనలు వేలల్లో వచ్చాయి, ఆ గీత దాటి 2017 ఫిబ్రవరిలో ఓటింగుకి వెళ్లినవి రెండంటే రెండు. వెబ్‌సైటు పెట్టగానే ప్రజాస్వామ్యం వచ్చేస్తుందనుకునే కుర్రాళ్లు ప్రతి గుంపులోనూ ఇద్దరుంటారు, వాళ్లకి ఈ సంగతి ప్రేమగా చెప్పండి.

మాడ్రిడ్ 2019లో చేజారింది, బార్సిలోనా 2023లో. ఈ దారికి కావాల్సింది పదిమంది స్నేహితులు కాదు, అప్పటికే పేటల్లో నిలబడి పని చేస్తున్న సంఘాలు. అవి లేని చోట వేదిక కడితే పోస్టర్ మీద లోగోలే మిగులుతాయి.

సీటు వద్దు, బడ్జెట్ కావాలి

పోటీ చేసే ఓపిక లేనివాళ్లకి, నిజం చెప్పాలంటే చాలామందికి, ఇది బాగా సరిపోయే దారి. భాగస్వామ్య బడ్జెట్ అంటారు. కౌన్సిల్ ఖర్చులో కొంత భాగం ఎక్కడ పెట్టాలో జనమే సభల్లో మాట్లాడుకుని, ఓటేసి తేలుస్తారు.

మొదలైంది బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో, 1989లో. వర్కర్స్ పార్టీ తరఫున ఒలీవియో దూత్ర మేయరైనప్పుడు నగరాన్ని 16 ప్రాంతాలుగా చేసి, ఏ పేటకి ముందు ఏం కావాలో పేటవాళ్లే వరుస పెట్టి, తమ ప్రతినిధుల్ని బడ్జెట్ మండలికి పంపే పద్ధతి పెట్టారు. పేదల పేటలకి మురుగు కాలువలు, నీళ్లు ముందుకొచ్చాయి. నీటి, మురుగు కనెక్షన్లు ఉన్న ఇళ్లు 1988లో 75 శాతం ఉంటే 1997కి 98 శాతానికి చేరాయి. అక్కడినుంచి ఇది వేల ఊళ్లకి పాకింది. న్యూయార్క్‌లో 2011లో నలుగురు కౌన్సిల్ సభ్యులు తమ నిధుల్లోంచి తలా పది లక్షల డాలర్లు జనం ఓటుకి పెట్టారు. పోలండ్ అయితే 2018 చట్టంతో పెద్ద నగరాలకి దీన్ని తప్పనిసరి చేసింది, ఖర్చులో కనీసం అర శాతం.

అర శాతం, గమనించారా? ఈ దారిలో మోసం జరిగేది అక్కడే. పేరు పెద్దది, చేతికిచ్చేది బెంచీలకీ పూలకుండీలకీ సరిపడా డబ్బు. మిగతా 99.5 శాతం పాత పద్ధతిలోనే పోతుంది, పైగా "మేము జనాన్ని అడిగే చేస్తున్నాం" అని చెప్పుకోవడానికి కౌన్సిల్‌కి ఒక మాట దొరుకుతుంది. అమెరికాలో ప్రభుత్వ విధానాల మీద పని చేసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లోనే జనం పాల్గొనడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీశారు. అట్టడుగున మభ్యపెట్టడం, మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, పైన నిజంగా అధికారం చేతికివ్వడం. మీకు ఇస్తామంటున్నది ఏ మెట్టో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. జనం ఓటు కౌన్సిల్‌ని కట్టిపడేస్తుందా, లేక సలహా మాత్రమేనా? పోయినేడు గెలిచిన పనుల్లో ఎన్ని పూర్తయ్యాయో లిస్టు ఎక్కడుంది? ఏ ప్రతిపాదన కుదరదో చెప్పేది ఎవరు, ఏ కారణంతో అని రాసిస్తారా? ఈ మూడో ప్రశ్నే అసలైంది, ఎందుకంటే ఇంజనీర్ల గదిలో ఎర్ర పెన్నుతో కొట్టేసిన ప్రతిపాదన ఓటింగు దాకా రానే రాదు.

ఇంకో చేదు నిజం. పోర్తో అలెగ్రెలో గానీ, 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి దించి గ్రామసభలతో ప్లాన్లు వేయించిన కేరళలో గానీ, అది జరిగింది అధికారంలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి. పోర్తో అలెగ్రెలో ఆ పార్టీ 2004లో ఓడింది, తర్వాత పద్ధతి పలచబడుతూ వచ్చి 2017లో ఆపేశారు. లోపల ఎవరూ లేకుండా బయటినుంచి తెచ్చుకున్న హక్కుని లోపలివాళ్లు మారగానే లాగేసుకోగలరు. అందుకే ఈ దారి పట్టేవాళ్లు రెండో ఏడాదికల్లా దాన్ని మాట నుంచి నియమంగా, వీలైతే చట్టంగా మార్పించాలి.

చీటీ తీసి ఎంచుకున్న సభ

ఎన్నిక లేకుండా, జనాభా లెక్కల్లోంచి చీటీ తీసి, వయసు, ఆడ మగ, చదువు, ప్రాంతం సరితూగేలా కొందరిని పిలిచి, వాళ్లకి నిపుణుల చేత చెప్పించి, మాట్లాడుకోనిచ్చి, సిఫార్సులు రాయించడం. బెల్జియంలో జర్మన్ మాట్లాడే ప్రాంతం (జనాభా దాదాపు 78,000) 2019లో దీన్ని శాశ్వతం చేసింది. చీటీతో వచ్చిన 24 మంది మండలి ఏ విషయం చర్చకి పెట్టాలో నిర్ణయిస్తుంది, దానికోసం 25 నుంచి 50 మంది దాకా ఉన్న పౌరుల సభ కూర్చుంటుంది, ఆ సిఫార్సుల మీద పార్లమెంటు జవాబు చెప్పాలి. ఐర్లండ్‌లో 99 మంది మామూలు పౌరుల సభ సిఫార్సు చేశాకే అబార్షన్ నిషేధం మీద రెఫరెండం (ఒక ప్రశ్న మీద జనమంతా నేరుగా వేసే ఓటు) వచ్చింది, 2018 మేలో 66 శాతం పైగా మార్పుకి ఓటేశారు.

దీని గొప్పతనం ఒక్కటే గానీ చాలా పెద్దది: మీటింగులకి ఎప్పుడూ రాని మనిషి వస్తాడు. నైట్ డ్యూటీ చేసే మనిషి, చిన్న పిల్లల తల్లి, రాజకీయాలంటే విసుగు పుట్టినవాళ్లు, వాళ్ల సమయానికి డబ్బిచ్చి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేస్తే వస్తారు. లోపం కూడా అంత పెద్దదే. సిఫార్సు రాసి ఇంటికి వెళ్లిపోయిన సభకి ఓటు బలం లేదు, తర్వాత వెంటపడే మనిషి లేడు. ఊరు రెండుగా చీలిపోయిన ఒక్క ప్రశ్న ఉంటే, భూమి గురించో, ట్రాఫిక్ గురించో, ఈ దారి మంచిది. మొత్తం పాలన మార్చడానికి ఇది సరిపోదు.

అందరూ కూర్చునే సభ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఉన్నచోట అది పాత అలవాటు, లేనిచోట చట్టం ఒప్పుకోకపోతే పెట్టలేరు. స్విట్జర్లండ్‌లో గ్లారుస్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) మే మొదటి ఆదివారం పౌరులంతా మైదానంలో నిలబడి చేతులెత్తి చట్టాలు చేస్తారు. 2006లో ప్రభుత్వం 25 మున్సిపాలిటీల్ని పదికి తగ్గిద్దామని వస్తే, సభలో ఒక పౌరుడు లేచి మూడు చాలన్నాడు, సభ దానికే చేతులెత్తింది. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెంధా లేఖా అనే గోండు గ్రామం ఇంకో రకం: మెజారిటీ ఓటు లేదు, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడుకుంటారు, ఒక విషయం చదివి తెలుసుకోవడానికి విడిగా అధ్యయన బృందాలు పెట్టుకుంటారు. 2009లో 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కులు తెచ్చుకున్నది ఈ పద్ధతితోనే. మీ ఊళ్లో చట్టప్రకారం ఇలాంటి సభ ఉండి, కోరం (కనీస హాజరు) లేక కాగితం మీదే నడుస్తుంటే మాత్రం, మిగతా దారులన్నీ పక్కన పెట్టి ముందు ఆ సభకి మనుషుల్ని తీసుకెళ్లండి. ఖర్చు లేదు, నామినేషన్ అక్కర్లేదు.

మరి మీరేం పట్టాలి?

నన్నడిగితే మనుషుల లెక్కతో మొదలుపెడతాను. ఐదారుగురే ఉండి, వారానికి ఒక సాయంత్రం మించి ఇవ్వలేకపోతే పోటీ గురించి మాట్లాడకండి. ప్రతి కౌన్సిల్ మీటింగుకీ ఇద్దరు వెళ్లి కూర్చోండి, ఏం జరిగిందో మర్నాడే మామూలు భాషలో రాసి పంచండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఖాళీ కుర్చీలకి అలవాటు పడ్డ కౌన్సిలర్లకి ఆ ఇద్దరు పెట్టే ఇబ్బంది అంతా ఇంతా కాదు. ఏడాదికి మీ లిస్టులో చదివేవాళ్లు కొన్ని వందలైతే అప్పుడు బడ్జెట్ వాటా అడగొచ్చు.

పదిహేను ఇరవై మంది ఉండి, కౌన్సిల్ చిన్నదై, ఎన్నిక ఏడాదిన్నర దూరంలో ఉంటే ఫ్రూమ్ దారి పట్టొచ్చు. ఎన్నిక నాలుగు నెలల్లోనే ఉంటే నేనైతే వదిలేస్తాను, లేదా రెండే వార్డుల్లో నిలబడతాను. హడావిడిగా అన్ని సీట్లకీ మనుషుల్ని వెతికితే టికెట్ దొరకక పార్టీ బయటికొచ్చినవాళ్లే ముందు చేయి ఎత్తుతారు. వాళ్లంతా చెడ్డవాళ్లని కాదు, గెలిచిన మూడో నెలలో వాళ్లు ఎటు పోతారో మీకు తెలియదు, అంతే.

ఒక్క పెద్ద సమస్య మీదే గుంపు పుట్టి ఉంటే చీటీ సభ అడగండి, లేదా ఆ ఒక్కదాని మీద రెఫరెండానికి మీ చట్టంలో వీలుందేమో చూడండి. ఆ ఒక్క కోపంతో నాలుగేళ్ల పదవిలోకి వెళ్తే, ఆ సమస్య తీరిన మర్నాటి నుంచి చెత్త బండ్ల టెండర్లు చదువుతూ కూర్చోవాలి. కొందరికి అది నచ్చుతుంది, నాకు తెలిసిన ఒకావిడకి టెండర్లు చదవడంలోనే రుచి దొరికింది, మంచి కౌన్సిలర్ అయ్యారు. చాలామందికి నచ్చదు.

దారులు కలపొచ్చా? కలపాలి కూడా, వరుస మాత్రం తప్పకూడదు. లోపల ఇద్దరు ముగ్గురు, బయట గట్టిగా నిలబడే సంఘం, రెండింటి మధ్యా జనానికి అధికారం ఇచ్చే ఒక నియమం, ఈ మూడూ ఉన్నచోట పని నిలబడే అవకాశం ఎక్కువ. లోపలికి వెళ్లేవాళ్లే బయటి సంఘాన్నీ నడిపితే సంఘం వాళ్ల ప్రచార కమిటీ అయిపోతుంది. గెలిచిన మర్నాడు సంఘానికి కొత్త కన్వీనర్ని ఎన్నుకోవడం చిన్న మాటే గానీ, చేసిన గుంపుల్ని నేను పెద్దగా చూడలేదు.

అలసట సంగతి మర్చిపోవద్దు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరన్నట్టు, ప్రతి గుంపులోనూ మాట్లాడేవాళ్లు పదిమంది, మినిట్స్ రాసేది ఒక్కరు. ఒక గుంపులో ఏడాదిపాటు ఆ ఒక్కరు నేనే, నేను మానేసిన రెండో నెలకి ఆ గుంపు మీటింగులే ఆగిపోయాయి. బాధ్యతలు ఆరు నెలలకోసారి మారేలా పెట్టుకోండి, మీటింగు రెండు గంటలు దాటకూడదని గడియారం పెట్టుకోండి, నాయకుడు లేడని గొప్పగా చెప్పుకోకండి. ఎన్నుకున్న నాయకుడు లేని చోట ఎన్నుకోని నాయకుడు ఉంటాడు, వాడిని దింపడం ఇంకా కష్టం.

ఏ దారి పట్టినా మొదటి మీటింగులోనే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఏకాభిప్రాయం రాకపోతే ఎలా తేలుస్తాం, డబ్బు లెక్క ఎవరి దగ్గరుంటుంది, ఒకే మనిషి ఎన్ని సార్లకి మించి పోటీ చేయకూడదు, మాట తప్పిన కౌన్సిలర్‌ని గుంపు ఏం చేస్తుంది, ఏ తేదీన కూర్చుని ఇది కొనసాగించాలా మూసేయాలా అని తేల్చుకుంటాం. అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఎవరైనా "మన మధ్య కాగితాలెందుకు" అని నవ్వితే, ఆ మనిషిని అభ్యర్థిగా పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించండి.